బందరు నీళ్లు

“తొట్టికి ఇనప చట్రం వద్దు, అన్నా. ఉప్పునీళ్లకు తుప్పు పడతాది. ఆ తుప్పు నీళ్లలోకి దిగితే చేపలు బతకవు,” అన్నాడు దాదా ఖలందర్.

నంద్యాల స్టేషను దారిలో అతనిది అద్దాల అంగడి. వయసులో ఉండగా మద్రాసులో సముద్రపు చేపల బంగళాకు అద్దాలు బిగించినవాడని విని, ఆళ్లగడ్డ నుంచి ఆదినారాయణ వెతుక్కుంటూ వచ్చాడు. ఇంట్లో మనిషి పడుకునేంత తొట్టి కట్టించి, సముద్రపు నీళ్లు పోసి, సముద్రపు చేపల్నే పెంచాలట. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిందని ఊళ్లన్నీ ఏడుస్తుంటే, ఈయనకిదేం సరదారా దేవుడా అని ఖలందర్‌కు మొదట నవ్వొచ్చింది.

“ఇనుము సరే. రాగీ, ఇత్తడీ?”

“అయ్యి ఇంకా అన్యాయం. ఇత్తడి చెంబు నానినా సస్తాయి. నీళ్లు పోసేదానికి మట్టికుండే వాడల్ల.”

“మరి చట్రం?”

“రుద్రవరం టేకు. సందుల్లో లక్క.”

“అట్లనే కానీ. అద్దం బాగా లావుది వెయ్యి. గాలి సంగతేంది?”

“మద్రాసులో కరెంటు మోటారు. మీ ఇంటికి కరెంటు ఎప్పుడొస్తాదో ఏమో! లారీ ట్యూబు తీసుకో. సైకిలు పంపుతో గాలి కొట్టి, సన్న రబ్బరు గొట్టం నీళ్లలోకి దించితే బుడగలు వస్తాంటాయి. పొద్దునా మాపూ కొట్టే ఓపిక ఉండల్ల.”

“ఓపికకేం. మా ఇంటిది కొడతాది.”

“నీళ్లూ చేపలూ యాడ్నించి?”

“బందరు నుంచి మా ఇంటిదాని అన్న పీపాలకెత్తి రైల్లో పంపిస్తాండాడు. దావలో కారిపోతాయని రెండు పీపాల నీళ్లు ఎక్కువే పంపమన్నా.”

ఖలందర్ ఉండబట్టలేక అడిగేశాడు. “అసలింత తిప్పలు ఎవరి కోసమన్నా?”

ఆదినారాయణ వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. “మా ఇంటిది బందరు పిల్ల. పెండ్లయినంక పుట్టింటికి పోలే. వాళ్లమ్మకు కండ్లు పోతాండాయంట. పూర్తిగా పోకముందే బిడ్డ మొగం చూడల్లని ఒకటే కబురు. ‘సముద్రం చూసినంక మళ్లీ ఈ నల్లరేగడికి వస్తావా’ అంటే ఏడుపు. అందుకే పందెం పెట్టినా. సముద్రాన్నే ఇంటికి తెప్పిస్తా, ఉగాది దాకా చేపల్ని బతికించు, నేనే రైలెక్కించి తోల్కపోతా అన్నా. సస్తే మాత్రం ఇంక బందరు పేరెత్తగూడదు. వాళ్లన్న ఎదురుగానే ఒప్పుకునింది.”

ఖలందర్‌కు నవ్వంతా ఎగిరిపోయింది. పందెం కట్టినవాడే ఎదుటివాళ్లు గెలవాలని ఇంత పట్టుగా సామాను ఏరడం అతనెక్కడా చూడలేదు.

“ఓడిపోయేదానికే పందెం కట్టినట్టుండావే, అన్నా!”

ఆదినారాయణ నవ్వాడు. “ఏందైతే సస్తాయో అన్నీ చెప్పు. ఒక్కటీ మర్సిపోవద్దు.”

“ఎండకు నీళ్లు ఇగురుతాయి. నీళ్లే ఇగురుతాయి గానీ ఉప్పు యాడికీ పోదు. అందుకని తగ్గినప్పుడు బావినీళ్లే పోయల్ల. తెలీక మళ్లీ సముద్రపు నీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరి, ఒగ పొద్దు అన్నీ తేలతాయి. మద్రాసులో ఒగసారి అట్లనే అయ్యింది. ఎందుకు సచ్చినాయో ఎవురికీ అంతుపట్టలే.”

ఆ మాట ఆదినారాయణ మళ్లీ చెప్పించుకుని విన్నాడు. తర్వాత తొట్టి మూతకు పిల్లి దూరని వల ఏదో అదీ ఏరుకున్నాడు.

“బిగించే రోజు నేనొచ్చి అమ్మకు అన్నీ చెప్పిపోతా,” అన్నాడు ఖలందర్.

“నువ్వెందుకులేప్పా. నీ మనుషుల్ని పంపు. నేను చెప్తా.”

పుష్యమాసంలో తొట్టి నిండింది. చారల చేపలు నీళ్లలో తిరుగుతుంటే ఆళ్లగడ్డలో సగం ఊరు వసారాలోనే ఉంది. ఆదినారాయణ భార్య ప్రమీల వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. “మా బందరేనండీ!” అని అందరి ముందూ ఏడ్చేసింది. ఎదురింటి సుగుణమ్మ ముక్కున వేలేసుకుంది.

“పెండ్లాం కోసం సముద్రాన్ని మోయించినోడు యాడన్నా ఉండాడా! పెట్టిపుట్టినావు పో!”

రెండు పీపాలు మిగిలాయి. పాలేరు వాటిని పారబోయబోతే ఆదినారాయణ గట్టిగా అదిలించాడు. “మా ఇంటిదాని ఊరి నీళ్లురా అయ్యి! పారబోస్తారా?” ప్రమీల తలుపు చాటున ఆ మాట విని కళ్లొత్తుకుంది. ఇన్నాళ్లూ ఈయన్ని తప్పుగా అనుకున్నాను, పాపం, అనుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు చేపలే లోకం. పంపు కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంట్లో ఇత్తడి బిందె ఒక్కటీ ఆ వసారా వైపు రానివ్వలేదు. అమ్మకని నేత చీర కొని పెట్టెలో పెట్టుకుంది. అప్పటిదాకా అమ్మ చూపు నిలిస్తే చాలు, ఉగాదికి వచ్చేస్తున్నానని అన్నకు చెప్పి పంపింది.

మాఘం వెళ్లేసరికి ఎండ ముదిరింది. చేపలన్నీ చలాకీగానే ఉన్నాయి. నీళ్లు మాత్రం జానెడు దిగాయి. ప్రమీల మట్టికుండ పట్టుకుని బావి దాకా వెళ్లి, ఎందుకో భయమేసి వెనక్కి వచ్చింది. ఆదినారాయణ మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

“ఏవండీ, తొట్టిలో నీళ్లు తగ్గాయి. బావినీళ్లు పోయనా? తెలీక ఏదో ఒకటి చేస్తే ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టవుతుంది. ఆ అద్దాలసాయిబు మీకేమైనా చెప్పాడా?”

“చెప్పకేం! అన్నీ అడిగి తెలుసుకునే వచ్చినా.”

“అయితే ఏం పోయమంటారు?”

ఆదినారాయణ గ్లాసు కింద పెట్టి, వసారా మూలనున్న పీపాల వైపు చేయి చూపించాడు.

“మీ బందరు నీళ్లే పొయ్యి.”