ఆకుపచ్చ చుక్క

తెలంగాణ బంద్ ముందురోజు జనగామలో, ఎవరైనా గుర్తులు పెట్టేలా మున్సిపాలిటీ నెట్‌లో ఉంచిన వార్డు మ్యాపు మీద సమ్మక్క ఇంటిదగ్గర ఆకుపచ్చ చుక్క పెట్టింది కాలేజీ పిల్ల మనీషా. లాఠీ దెబ్బలు తిన్నవాళ్లకు తలుపు తీసే ఇల్లని గుర్తు.

“పసుపు నూరి పెడ్త. గిది అందరికి కనబడ్తదా బిడ్డా?” అంది సమ్మక్క.

“అందరికి అవ్వా. గందుకే పెట్టిన.”

మర్నాడు ఊరేగింపు మీద లాఠీలు లేచాయి. మధ్యాహ్నానికి మ్యాపును వందలమంది చూశారు. మనీషా సంబరంగా ఫోన్ చేసింది.

“అవ్వా, చుక్క చూసి ఎవరన్న వచ్చిండ్రా?”

“ఇంటినిండ వచ్చిండ్రు.” అంది సమ్మక్క. “పసుపు అట్లనే ఉన్నది బిడ్డా. ఒక్కలకు దెబ్బ తాకలే. బూట్లు ఇడువకుంటనే లోపటికొచ్చిండ్రు. నువ్వేడున్నవో అడుగుమంటుండ్రు.”