మూడు వందల గజాల గురి

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ దొర్లుతాయి. మా ఆయన పోయాక, అరవై ఎనిమిదో ఏట చదువు మొదలుపెట్టాను. ఈ కాస్త రాయడానికే మూడు వారాలు పట్టింది. ఓపిక పట్టి చదవండి.

ఎమ్మెట్ క్రౌలీ ఆబోతు చచ్చి పడి ఉంది. నుదుటి మధ్యలో ఒకే ఒక్క గుండు. మోంటానాలో మా వైపు మనిషిని కాల్చినవాణ్ణి క్షమిస్తారేమో గానీ, సంతలో మొదటి బహుమతి నీలం రిబ్బను కొట్టిన ఆబోతును కాల్చినవాణ్ణి క్షమించరు.

షెరీఫ్ రస్క్ నేరుగా డెల్బర్ట్ టిల్సన్ ఇంటికి వచ్చాడు. ఎమ్మెట్ పక్క పొలం అతనిదే. పైగా ఎల్క్ దుప్పుల వేట ఇంకో నెలలో ఉందనగా, రోజంతా రైఫిల్ పేలుస్తూ కూర్చునేది ఆ చుట్టుపక్కల అతనొక్కడే.

కొట్లో అమ్మే తూటాలు డెల్బర్ట్‌కి ఆనవు. పేల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, వంటింటి బల్ల మీద మళ్ళీ తుపాకి మందు నింపి, తన తూటాలు తనే తయారుచేసుకునేవాడు. మందు తూచే పని మాత్రం భార్య ఓపల్‌ది. ఆమె చెయ్యి వణకదు. ప్రతి తూటా అడుగునా ఆమె గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు.

ఆ తరవాత గడ్డిమైదానంలో బల్ల వేసుకుని, వంద గజాల దూరాన గురి కాగితం కట్టి, మూడేసి తూటాలు పేల్చి, తుపాకి మీద గురి చూసే స్కోపు మర నాలుగు మెట్లు అటూ, రెండు మెట్లు ఇటూ తిప్పేవాడు. గుండ్లు తలో దిక్కుకీ పోయేవి. మందు ఎక్కువైందనేవాడు. గాలి అనేవాడు. స్కోపు చేసినవాణ్ణి తిట్టేవాడు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు తను కళ్ళు మూసుకుంటానని మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

రస్క్ జేబులోంచి ఒక ఖాళీ గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున ఎర్ర చుక్క.

“మీ మైదానంలో బల్ల కింద దొరికింది. నీదేగా?”

“నాదే.”

“చూడు డెల్బర్ట్, మనం ఒక బళ్ళో చదువుకున్నాం. స్కోపు సరిచేసుకుంటుంటే గుండు దారి తప్పింది, అంతేగా? జరిమానాతో పోతుంది. కావాలని కాల్చానన్నావో, ఆరు నెలలు జైలు. ఎల్క్ వేట కూడా గల్లంతు.”

పొయ్యి దగ్గర నుంచి ఓపల్ ఇటు తిరిగింది. “రస్క్, అసలు జరిగిందేమిటంటే...”

“నువ్వుండవే!” డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు. “దారి తప్పడమేంట్రా? నేను కట్టిన తూటా దారి తప్పుతుందా? ఆ దున్నపోతు మొహంది మూడుసార్లు కంచె విరగ్గొట్టి ఓపల్ వేసిన క్యాబేజీ అంతా మేసేసింది. మూడు వందల గజాలు. గాలి ఎడమ నుంచి. సరిగ్గా రెండు కళ్ళ మధ్యకి గురిపెట్టా. పడింది!”

రస్క్ తల పట్టుకున్నాడు. “ఒరేయ్, నీ కాగితాలు చూశాను. వంద గజాల్లో గాదె తలుపు కూడా కొట్టలేవు కదరా!”

“అది పాత మందు!”

కోర్టులో డెల్బర్ట్ లాయరు పదకొండు గురి కాగితాలు గోడకి అంటించి, ఈ మనిషి కావాలని దేన్నీ కొట్టలేడని జడ్జిగారికి విన్నవించాడు. కాఫీ హోటలు యజమానురాలు బైబిలు మీద చెయ్యి వేసి అదే మాట చెప్పింది. డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. నోటుబుక్కు తెరిచి, ఏ మందు ఎంత వేశాడో, ఆ గుండు ఎలా పోయిందో అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. జడ్జిగారు నిట్టూర్చి ఆరు నెలలు వేశారు.

ఆ రోజు నుంచి ఊరు మారిపోయింది. డెల్బర్ట్ కాలుస్తుంటే కాగితం ముందు నిలబడడమే క్షేమమని నవ్వినవాళ్ళు, జైలు కిటికీ దగ్గర వరస కట్టి మందు పాళ్ళు రాసుకున్నారు. చివరికి ఎమ్మెట్ కూడా హకల్‌బెర్రీ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వచ్చాడు.

“నీ మొహం చూడకూడదనుకున్నా. కానీ మూడు వందల గజాల్రా! ఎలా కొట్టావురా దొంగసచ్చినోడా?”

డెల్బర్ట్ ఒక కన్ను మూసి వివరంగా చెప్పాడు.

ఇంటి దగ్గర ఓపల్ ఒక్కతే. నలభై ఆవులు. ఎండుగడ్డి ఇంకా మైదానంలోనే ఉంది, మంచు ముంచుకొస్తోంది. రెండో ఆదివారం జైలుకొచ్చి, మిగతావాళ్ళంతా వెళ్ళేదాకా ఆగింది.

“నా వల్ల కాదు డెల్బర్ట్. రేపు రస్క్ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. నువ్వు ఇంటికి రా.”

డెల్బర్ట్ అటూ ఇటూ చూసి, ఊచలు పట్టుకుని, గొంతు తగ్గించాడు.

“నీకు దణ్ణం పెడతానే ఓపల్! ఆ దెబ్బ కొట్టింది నువ్వని తెలిస్తే, ఈ ఊళ్ళో నేనింక తలెత్తుకు తిరగ్గలనా?”

ఓపల్ టిల్సన్, డెబ్భై రెండేళ్ళు, ప్రస్తుతం బిల్లింగ్స్‌లో చెల్లెలి దగ్గర.