పన్నెండో కుర్చీ

"ఇందులో టైలరు పేరు లేదేంటి?" జాబితా రెండోసారి చదివి అడిగింది అమ్మగారు.

అమ్మగారంటే చనిపోయిన పెద్ద పాస్టరుగారి భార్య. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన స్థానంలో వచ్చిన కొత్త పాస్టరు ఆమె ముందుగదిలో, బడి యూనిఫారంలో నవ్వుతున్న ఒక పిల్లాడి ఫొటో కింద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ సాయంత్రమే పాదాలు కడిగే ఆరాధన. ఏడాదికోసారి పాస్టరు పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, మోకరించి వాళ్ల పాదాలు కడగడం ఆ సంఘంలో ఆనవాయితీ.

"ఆయన మన సభ్యుడు కాదు కదమ్మా. రిజిస్టరంతా వెతికాను. బాప్తిస్మం లేదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోడు. చివరి బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం పూర్తికాకముందే వెళ్లిపోతాడు. ఎవర్నడిగినా మాట మార్చేస్తున్నారు. అందుకే ఆ పన్నెండో కుర్చీ కాంట్రాక్టరుగారికి ఇచ్చాను. అలాగైనా మెత్తబడతారేమోనని."

అసలు తలనొప్పంతా ఆ కాంట్రాక్టరుతోనే. చర్చి తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో ఆయనకూ, సంఘపెద్ద అయిన హెడ్మాస్టరుకూ మాటామాటా పెరిగింది. వచ్చే ఆదివారం సగం సంఘాన్ని వెంటేసుకుని వేరే పోతానని కాంట్రాక్టరు భీష్మించుకు కూర్చున్నాడు. కొత్త పాస్టరు బైబిలు కళాశాలలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు. దైవసేవకుడి అధికారం గురించి వరసగా మూడు ఆదివారాలు గొంతు చించుకున్నాడు. విన్నవాళ్లు విన్నారు, ఆవలించినవాళ్లు ఆవలించారు. తగువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"అయ్యగారైతే ఏం చేసేవారమ్మా?"

"'చాల్లే, చేతులు కలపండి' అనేవారు."

"అంతేనా?"

"అంతే. కలిపేవాళ్లు."

కొత్త పాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ మాటకు అంత బలం ఎక్కడిదమ్మా? ఆయనలాగే ఉపవాసాలున్నాను. ఆయన అంగీ కూడా కుదించి వేసుకున్నాను. నా మాట మాత్రం గోడకు చెప్పినట్టే ఉంది. ఆయన ముప్పయ్యేళ్లు కాపాడిన సంఘం నా చేతిలో చీలిపోతే, నేనీ పనికి పనికిరానట్టే."

అమ్మగారు లేచి లోపలికెళ్లి బేసిన్, తువ్వాలు తెచ్చింది.

"నీళ్ల చెంబు మీరు పట్టుకోండి. టైలరు కొట్టు దాకా వెళ్లొద్దాం."

"ఆ మోకాళ్లతోనా!"

"నడిచినంత దూరం నడుస్తాయి. పదండి."

కొట్టు పక్క వీధిలోనే. అంగీ కుదించింది ఆ టైలరే. పని నడివయసులో నేర్చుకున్నాడేమో, కుట్టు ఇప్పటికీ కాస్త వంకర. పాస్టరు ఎడమ చెయ్యి కుడిచేతికన్నా పొడుగని అతని నమ్మకం కాబోలు. అరవై దాటిన మనిషి. బస్సెక్కడు, బండెక్కడు, ఎంత దూరమైనా నడిచే పోతాడు. మిషను మాత్రం ఒక్క ఎడమ కాలితోనే తొక్కుతాడు. కుడికాలు స్టూలు కింద దాచుకుంటాడు. నడకలో కుంటు లేదు కదా, ఇదేం అలవాటని కొలతలిచ్చిన రోజే కొత్త పాస్టరు అనుకున్నాడు.

అమ్మగారిని చూడగానే మిషను ఆగింది.

"ఇంకెందుకమ్మా? అయ్యగారితోనే అది సరి అనుకున్నాను," అన్నాడు టైలరు లేచి నిలబడి.

"ఆయన పోతే నేను లేనా? కూర్చో."

"మీరు వద్దమ్మా. ఎవరైనా సరే, మీరు మాత్రం వద్దు."

"ఆయన నీ కుర్చీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకునేదాన్ని. ప్రార్థన చేసుకుంటున్నాననుకునేవాళ్లు అందరూ. కాదని ఆయనొక్కరికే తెలుసు. కూర్చో."

టైలరు కూర్చున్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని, పంటిబిగువున మోకరించింది. పాస్టరు నీళ్లు పోశాడు. టైలరు ఎడమ పాదం ముందుకు చాపాడు. ఆమె కడిగి తుడిచింది.

"రెండోది."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె స్టూలు కిందికి చెయ్యిపెట్టి ఆ కాలు తనే బయటికి లాగింది. మడమ మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయింది. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని పాస్టరు కంగారుపడ్డాడు.

"నేను కడగనా అమ్మా?"

"వద్దు. ఇది నేనే కడగాలి."

చాలాసేపు కడిగింది. వేలు వేలు విడదీసి తుడిచింది. టైలరు కుడుతున్న బట్టలో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిరిగి వస్తూ సగం దారిలో ఒక మూసిన కొట్టు మెట్ల మీద ఆమె కూలబడింది. పాస్టరు పక్కనే నిలబడ్డాడు.

"నా ప్రశ్నకు జవాబు చెప్పలేదమ్మా మీరు."

"ఇప్పుడు చూశారు కదా."

"కాళ్లు కడగడమా? నేనూ కడుగుతాను కదమ్మా, పన్నెండు మందికి!"

"పదకొండు మంది అయ్యేదాకా జనం దగ్గుకుంటూ, పిల్లల్ని సర్దుకుంటూ ఉండేవాళ్లు. పన్నెండో కుర్చీ దగ్గర ఆయన ఆ కుడికాలు చేతుల్లోకి తీసుకుంటే, చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఇక ఏడాదంతా ఆయన మాటకు ఎదురుండేది కాదు."

"ఎందుకమ్మా? ఏమైంది ఆ కాలికి?"

"ఏమీ కాలేదు నాయనా." ఆమె తడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని మెల్లగా మడతపెట్టింది. "మా పిల్లాడు రోడ్డు దాటుతున్న రోజు, లారీ బ్రేకు మీద సమయానికి పడని కాలు అది."