గుచ్చే చెయ్యి

వెంకాయమ్మ చేతికి ఆ పూట ఐదుసార్లు సూది గుచ్చాల్సి వచ్చింది. అప్పటికి గానీ రెండు సూదులూ కుదురుకోలేదు. డయాలసిస్ మిషను తిరగడం మొదలుపెట్టింది.

“ఇదే ఆఖరు అబ్బాయ్. ఎల్లుండి నుంచి నేను రాను,” అంది పైకప్పు వంక చూస్తూ.

టెక్నీషియన్ రాజారత్నం ఆమె ముంజేతి మీద ఉబ్బిన నరంపై రెండు వేళ్ళుంచి కళ్ళు మూసుకున్నాడు. డయాలసిస్ సూదులు దించేందుకు వీలుగా రెండేళ్ళ కిందట డాక్టర్లు అక్కడ ధమనినీ సిరనూ కలిపి కుట్టారు. అప్పట్నుంచీ ఆ చోట వేలు పెడితే తుమ్మెద రొదలా తగిలేది. ఇప్పుడా తుమ్మెద ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది.

“నరం గోడ మందమైంది పెద్దమ్మా. లోపల దారి ఇరుకవుతోంది.”

“ఎందుకవుద్దీ?”

“సూది దిగినప్పుడల్లా లోపలి పొర చిరుగుద్ది. నెత్తురులోని కణాలు ఉరికొచ్చి అక్కడ అతుక్కుంటయ్. ఏదో కెమికల్ వదుల్తయ్. దాంతో గోడలో ఉన్న కండ లేచి లోపలికి పాకుద్ది, పెరుగుద్ది. గాయం మానినా ఆ పెరగటం ఆగదు.”

“అంటే మానటమే రోగమా?”

“సాగర్ కాలవ గట్టు తెగిందనుకో, మట్టి పోస్తాం. మళ్ళీ తెగితే మళ్ళీ పోస్తాం. చివరికి గట్టు గట్టిగానే ఉంటది. నీళ్ళు పోయేందుకే చోటుండదు.”

క్రోసూరు పక్కన పదిహేనేళ్ళు మిరప పండించిన మనిషికి కాలవ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వెంకాయమ్మ నిట్టూర్చింది.

“గుంటూరెళ్ళి బెలూన్ ఏయించుకో. నరంలోకి దించి ఉబ్బిస్తారు, దారి తెరుచుకుద్ది.”

“ఆ బెలూన్ గాయం చెయ్యదా?”

“చేసిద్ది.”

“మళ్ళీ మందమవదా?”

“అవుద్ది. ఆర్నెల్లకో, ఏడాదికో.”

“అప్పుడు?”

“మళ్ళీ ఏయించుకోవాల.”

అబద్ధమన్నా చెప్పడే వీడు, అనుకుంది.

నర్సు ఫర్జానా టీ తెచ్చింది. రాజారత్నం ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. మిగిలిన టీ వైపు వెంకాయమ్మ ఆశగా చూసింది. రోజుకు ఆమె ఎన్ని నీళ్ళు తాగొచ్చో కొలత ఉంది. అది పొద్దున్నే అయిపోయింది.

“పారబోసుకుంటానికా టీ? ఈ మే ఎండల్లో ఆ ఫుల్ చేతుల చొక్కా ఏంది, పెళ్ళికొడుకల్లే?”

ఫర్జానా నవ్వబోయి ఆగిపోయింది. రాజారత్నం నవ్వాడు.

“బెలూన్‌కి చీటీ రాయించా పెద్దమ్మా. బాధేగాని, అలవాటవుద్ది.”

వెంకాయమ్మకు ఒళ్ళు మండింది.

“నీకేందయ్యా చెప్తానికి! గుచ్చే చెయ్యి నీది. గుచ్చించుకునే చెయ్యి నాది.”

అతను తలవంచుకుని ఆమె దిండు పక్కన చీటీ పెట్టి వెళ్ళాడు.

నాలుగు గంటలు గడిచాయి. సూదులు తీసి, దూది పెట్టి నొక్కి పట్టుకున్నప్పుడు కూడా ఆమె అతని మొహం చూడలేదు. చీటీని అక్కడే వదిలేసి బయటపడింది. ఎప్పుడూ అంతే. అయిపోయాక ఆ గదిలో ఒక్క నిమిషం నిలబడదు.

బస్టాండు దాకా వెళ్ళాక కళ్ళజోడు గుర్తొచ్చింది. ఉసూరుమంటూ వెనక్కి వచ్చింది. సాయంత్రం షిఫ్టు అప్పటికే మొదలైంది. ఆమె మంచం మీద ఇంకెవరో ఉన్నారు.

దగ్గరికి వెళ్ళింది. నిలబడిపోయింది.

కళ్ళజోడు అడగలేదు. దిండు పక్కనున్న చీటీ మాత్రం తీసి, నాలుగు మడతలు పెట్టి, జాగ్రత్తగా సంచిలో వేసుకుంది.

ఆ దిండు మీద తల ఆనించి రాజారత్నం కళ్ళు మూసుకుని ఉన్నాడు. పైకి మడిచిన ఫుల్ చేతుల చొక్కా కింద, ఆమె చేతికంటే ఎక్కువ గడ్డలు కట్టిన అతని చేతిలోకి ఫర్జానా సూది దించుతోంది.