చిన్న మొక్క కింది పుట్టగొడుగులు

“ఆగు తాతయ్యా. అవెక్కడ కోశావు?” మనవరాలు నా చేతిలోని పుట్టగొడుగులు లాగేసుకుంది.

“నీ పెద్ద చెట్టు దగ్గర కాదులేవే. అంత దూరాన, ఆ చిన్న మొక్క కింద కోశాను.”

పెద్ద చెట్టు కొమ్మలకు సంచి కట్టి, అందులోకి రేడియేషన్ ఉన్న గాలి పొద్దున తనే ఎక్కించింది. ఆ చెట్టు చుట్టూ కట్టిన తాడు నేను దాటలేదు.

“వీటికి నేల కింద దారాలుంటాయి తాతయ్యా. పెద్ద చెట్టు తిన్నది ఆ దారాల గుండా చిన్న మొక్కకి అందుతుందనే కదా నా గోలంతా.”

పుట్టగొడుగు మీద రేడియేషన్ కొలిచే మీటరు పెట్టింది. టిక్కు టిక్కుమని మోగింది.

“ఇంకేం, నీ మాటే నెగ్గింది. ఈ చప్పుడు కోసమేగా ఇన్నేళ్లూ అడవులు పట్టుకు తిరిగావు. మరి ఆ ఏడుపు మొహమెందుకే?”

“నువ్వు తిన్నావా?”

“ఒక్కటి. రుచి చూద్దామని, పచ్చిదే నమిలాను.”

“నోరు తెరువు.”

మీటరు నా పెదవుల దగ్గరికి తెచ్చింది.

“మోగకే,” అని ఆ మీటరునే బతిమాలుతోంది. “నీకు దణ్ణం పెడతాను, మోగకు.”