వాపు కాదు

ముఖాన్ని కదిలించే నరం తెగలేదు, ఆ సంగతి డాక్టరు చేతులకు తెలుసు. పదిహేనేళ్లుగా దవడలు సరిచేస్తున్న చేతులవి, పొరపాటున కూడా కత్తిని అటు పోనివ్వవు. తెగలేదు సరే, మరి నలిగిందా? నలిగింది. ముందుకు పొడుచుకొచ్చిన దవడను కోసి వెనక్కి జరిపేటప్పుడు, కండను పక్కకు లాగి ఉంచే కొక్కెం చెవి కింద ఎక్కువసేపు నొక్కుకుపోయింది. ఎనిమిది వారాలుగా పేషెంటుకు ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాడు. వాపు అన్నాడు. వాపు ఎప్పుడో పోయింది.

ఎదురుగా కూర్చున్నామె కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు మనిషి. దవడ చక్కగా కుదిరింది. ముఖంలో ఎడమ సగమే కదలడం లేదు. పలకరింపుగా నవ్వినా వెటకారంలా ఉందని జనం గొడవపడితే, ఆమెను వెనక గదిలో ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టారు.

కళ్లు గట్టిగా మూయమన్నాడు. బుగ్గలు పూరించమన్నాడు. పళ్లు చూపించమన్నాడు. కుడివైపు బుద్ధిగా చేసింది. ఎడమవైపు ఉలకలేదు, పలకలేదు.

"దవడ సరిచేయమన్నాం గానీ, మా చెల్లి మొహాన్ని సగానికి పంచమన్లేదండీ," అంది వెంట వచ్చిన అక్క.

ఆమె అక్కను వారించింది. పాపం డాక్టరుగారేం చేస్తారు, వాపు తగ్గడానికి టైం పడుతుంది కదా అని తనే ఆయన తరఫున సర్దిచెప్పింది. పన్నెండేళ్లుగా ఊరందరి తిట్లూ తిని, ఒక్కరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

ఆ జాలి అతనికి మింగుడుపడలేదు. నరం కోలుకుంటుంది, ఆ ధీమా అతనికి ఇప్పటికీ ఉంది. ఆమెకు తనమీదున్న నమ్మకం మాత్రం నిజం చెబితే మిగలదు.

"వాపు కాదమ్మా. నేను పట్టిన కొక్కెం కింద నరం నలిగింది. నాకు మొదటి రోజే తెలుసు."



"తెలిసీ చెప్పలేదా?" అందామె. "మీరు చెప్పిన ముఖం కసరత్తు సరిగ్గా చేయట్లేదేమో అని రెండు నెలలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నానండీ. అసలు మీరు మనిషేనా?"

గొంతు పెరిగింది. పన్నెండేళ్ల బాకీ అంతా అతని ఒక్కడి మీదే తీర్చుకుంటోంది. డాక్టరు తల దించుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని ఆమె ముఖంలోకే చూశాడు. చూసి, సొరుగులోంచి అద్దం తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

అద్దంలో ఆమె ముక్కుపుటాలు కోపంతో అదురుతున్నాయి, ఎడమది కూడా.