పెద్ద ఇంజను పెద్ద ఇంజనే

"అది మోటారు సైకిలా? కుట్టు మిషనుకు సక్రాలు తగిలించినట్టు ఉండాది," అన్నాడు దేవరాజులు, చిత్తూరు బజారు మొత్తానికి వినిపించేలా.

గోవిందస్వామి కాఫీ హోటలు ముందు అందరూ నవ్వారు. చెంగల్రాయుడు తలెత్తలేదు. తన చిన్న బండి వెనక సినిమా రీళ్ల పెట్టెను తాడుతో బిగిస్తున్నాడు. చిత్తూరు టెంటులో ఆడిన రీళ్లను ఆడినవి ఆడినట్టు యాదమరి టెంటుకు చేర్చడం అతని పని. ఒకటే సినిమా, రెండు ఊళ్లు, మధ్యలో చెంగల్రాయుడు. అతను కాస్త ఆలస్యమైతే చాలు, యాదమరి జనం బెంచీలు విరగ్గొడతారు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన బండి అది. సిపాయిలతో పాటు విమానంలోంచి పారాచూట్ కట్టి కిందికి దించడానికి తయారు చేశారట. బాగా తేలిక. అయినా ఆ బజారులో మొదటి మోటారు సైకిలు అదే. దేవరాజులుకు కడుపుమంట అక్కడే మొదలైంది. వాళ్ల తాత కార్వేటినగరం జమీందారీలో శిస్తు వసూలు చేసే అమీను. అలాంటి ఇంటివాడు నడిచిపోతుంటే పెట్టెలు మోసేవాడు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోవడమా?

దేవరాజులు మద్రాసు వెళ్లి, మిలిటరీ వేలంలోనే అమెరికా బండి కొనుక్కొచ్చాడు. ఎనుమంత బండి. వెడల్పాటి సీటు, కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, ట్యాంకు కింద దుమ్ము పడకుండా రేకు తొడుగు. పొద్దున్నే మిట్ట మీదున్న మిట్టూరు ఇంటినుంచి దాని మీద కూర్చుని, మీసం దువ్వుకుంటూ బజారులోకి దిగేవాడు. పెట్రోలు రేషను రోజులు కాబట్టి తిరుగుదారిలో పాలేర్లు నెట్టుకుపోయేవాళ్లు. ఆ నెట్టించుకోవడంలో కూడా ఆయనకు గొప్పే.

"నీది ఊరంతా నిద్ర లేపతాది. పెద్ద ఇంజను అట్ల అరవదురా," అన్నాడు దేవరాజులు మళ్లీ. "నాదాంట్లో ఇరవై గుర్రాల బలం ఉండాది. నీదాంట్లో ఒక గాడిదన్నా ఉండాదా?"

చెంగల్రాయుడు తాడు ముడివేసి లేచాడు.

"బజార్లో ఊరేగేదానికి ఇరవై గుర్రాలెందుకప్పా? పెండ్లికొడుక్కి గూడా ఒకటే సాలు."

ఈసారి నవ్వులు అటు తిరిగాయి. గోవిందస్వామి చేతిలో కాఫీ ఒలికింది. దేవరాజులు ముఖం కందగడ్డయింది.

"మొగిలి ఘాటు ఎక్కుతావా నాతో? ఓడినోడి బండి గెలిచినోడికి. మొగోడివైతే సరే అను!"

ఆ ఘాటు కొండదారి ఎక్కాలంటే చెంగల్రాయుడి బండి సగం దారిలోనే రొప్పుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ అంతమంది ముందు వెనక్కి తగ్గడం ఎలా?

"ఎక్కేది గాదు. దిగేదానికి రా," అన్నాడు చివరికి. "దిగేటప్పుడు ఎవుడి ఇంజను ఎంతయితే ఏంది?"

దేవరాజులు ముఖం చిట్లించాడు. మీసం కొస నమిలాడు.

"పిరికోడి పందెం," అని ఉమ్మేశాడు. "సర్లే. నువ్వడిగినట్టే కానీ."

చెంగల్రాయుడి ఇంట్లో సుబ్బులమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "ఆ బండి పోతే మన పొయ్యిలో పిల్లి లెయ్యదు. నీకు ఒళ్లు తెలస్తా ఉండాదా?"

"వాని పొగరు దించకుంటే నాకు కూడు సయించదు," అన్నాడు చెంగల్రాయుడు.

ఆదివారం పొద్దున ఘాటు మీద జనం చేరారు. చెంగల్రాయుడు బండి రొప్పుకుంటూ పైకి చేరింది. పెట్రోలు దండగని దేవరాజులు తన బండిని ఎద్దుల బండి మీద ఎక్కించి తెచ్చాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గోవిందస్వామి తువ్వాలు కింద పడేశాడు. ఇద్దరినీ మనుషులు వెనకనుంచి నెట్టి వదిలారు.

చిన్న బండి టపటపలాడుతూ ముందుకు దూకింది. మొదటి మలుపులన్నీ చెంగల్రాయుడివే. గెలిచేశాననే అనుకున్నాడు. అంతలో పక్కన గాలి కొట్టినట్టయింది. ఎనుమంత బండి అతన్ని దాటిపోయింది. దాటుతూ దాటుతూ దేవరాజులు తిట్టిన తిట్టు కూడా వినిపించింది. రాళ్ల మీద చిన్న బండి ఎగిరెగిరి పడుతోంది. బరువైన బండి మాత్రం రోడ్డును కరుచుకుని జారిపోయింది.

ఘాటు కింద చింతమాను దగ్గర దేవరాజులు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. చెంగల్రాయుడు బండి దిగి, హ్యాండిలు ఆయన చేతికిచ్చాడు.

"ఇచ్చేస్తే సాలదు. అందురూ ఇనేటట్టు నోరు తెరిసి చెప్పు. పెద్ద ఇంజను పెద్ద ఇంజనే అని."

చెంగల్రాయుడు చెప్పాడు.

"గట్టిగా."

గట్టిగా చెప్పాడు. మర్నాడు రీళ్ల పెట్టెను అద్దె సైకిలు మీద కట్టుకుని యాదమరి దాకా తొక్కాడు. అతను చేరేసరికి బెంచీలు విరిగిపోయి ఉన్నాయి. టెంటు యజమాని అక్కడికక్కడే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

అదే రోజు దేవరాజులు రెండు బండ్లనూ బస్సులు బాగుచేసే ధనంజయ షెడ్డులోకి తోయించాడు. పాలేర్లను బయటికి పంపి తలుపులు మూశాడు.

"ఈ కుట్టు మిషనును ఏం జేసుకుంటావప్పా? పాత ఇనుముకు ఎయ్యి," అన్నాడు ధనంజయ.

"నోరు మూసుకోని దాని ఇంజను ఊడదియ్యి. నా బండికి బిగించల్ల."

ధనంజయ తెల్లబోయాడు. "ఒక బండికి రెండింజన్లు యాడ బిగించేదప్పా?"

దేవరాజులు తన అమెరికా బండి రేకు తొడుగు విప్పి, ఇంజను ఉండాల్సిన చోట కట్టి ఉన్న రెండు ఇసుక మూటలను కిందికి దించాడు.